కొండపల్లి ఏనుగు పోస్టరు: ఫొటో నుంచి ఫ్లెక్సీ దాకా ఐదు వారాల చిట్టా

పని ఇది: స్కూల్ ఆర్ట్ ప్రదర్శన కోసం వరండాలో అంటించడానికి ఏ3 పోస్టరు, గేటు దగ్గర కట్టడానికి 6×3 అడుగుల ఫ్లెక్సీ. బొమ్మ కొండపల్లి అంబారీ ఏనుగు, ఎత్తు 20 సెంటీమీటర్లు. సామాన్లు: 50 మెగాపిక్సెల్ సెన్సార్ ఉన్న ఫోన్, చిన్న ట్రైపాడ్, కిటికీ వెలుతురు, థర్మాకోల్ షీట్లు రెండు. కంప్యూటర్‌లో ఫొటోలు సరిదిద్దే గింప్, అక్షరాలూ లేఅవుట్టూ కట్టే ఇంక్‌స్కేప్, రెండూ ఉచితమే.

1వ వారం: ముందు అక్షరం, ఆ తర్వాతే కెమెరా

స్కూల్ ప్రాజెక్టుల్లో ఫొటో ఒకరు తీస్తారు, డిజైన్ ఇంకొకరు చేస్తారు. బొమ్మ ఫ్రేము నిండా వచ్చిన మంచి ఫొటో చేతికొస్తుంది. పేరు రాయడానికి చోటుండదు. దాంతో అక్షరాల వెనక నల్లపట్టీ వేస్తారు, తెల్ల అవుట్‌లైన్ పెడతారు, నీడ పెడతారు. అవన్నీ చోటు లేక పడే పాట్లు. అందుకే ఈసారి ఒక్క ఫొటో కూడా తీయకముందే పెన్సిల్‌తో లేఅవుట్ గీశాం.

వరండాలో మనిషి పోస్టరుకు పదడుగుల దూరంలో నడుస్తాడు. బోర్డులు రాసేవాళ్ల లెక్క ప్రకారం పదడుగులకు అక్షరం ఎత్తు అంగుళం, అంటే 25 మిల్లీమీటర్లు ఉండాలి. తెలుగులో ఈ కొలత అక్షరం ఒంటికి మాత్రమే వర్తిస్తుంది, వత్తునూ తలకట్టునూ కలపకూడదు. ఒళ్లు 28 మిల్లీమీటర్లు అనుకున్నాం. పేరు మూడు వరుసలు: కొండపల్లి / బొమ్మల / ప్రదర్శన. వత్తులతో కలిపి దీనికి దాదాపు 155 మిల్లీమీటర్ల ఎత్తు కావాలి. ఏ3 నిలువు 420 మిల్లీమీటర్లు కాబట్టి పైనున్న 40 శాతం, అంటే 168 మిల్లీమీటర్లు, పేరుకే వదిలేయాలి. ఏనుగు కింది 60 శాతంలో సర్దుకోవాలి. ఫొటోకు ఇచ్చిన షరతు ఇదొక్కటే.

2వ వారం: ఫొటో

మొదట మామూలు 1ఎక్స్ (జూమ్ చేయని) లెన్సుతో అడుగు దూరం నుంచి తీస్తే తొండం ఉబ్బిపోయి, వెనక కాళ్లు పుల్లల్లా వచ్చాయి. తప్పు లెన్సుది కాదు, దూరానిది. అడుగు దూరంలో తొండానికీ తోకకూ మధ్యనున్న అరడుగు చాలా పెద్ద తేడా. రెండడుగుల దూరానికి వెళ్తే అదే అరడుగు చిన్నదైపోతుంది. అయితే 1ఎక్స్‌లో రెండడుగుల నుంచి తీసి క్రాప్ చేస్తే ఏ3 మీద అంగుళానికి 130 పిక్సెళ్లు కూడా మిగలవు. ఈ ఫోన్‌లో 2ఎక్స్ నొక్కితే సెన్సార్ నడిమి భాగం నుంచి 12 మెగాపిక్సెళ్ల ఫొటో నేరుగా వస్తుంది కాబట్టి 2ఎక్స్, రెండడుగులు ఖాయం చేశాం. ఫ్రేము ఎత్తు దాదాపు 44 సెంటీమీటర్లు వచ్చింది. ఫొటో 3000×4000, 4000 పిక్సెళ్లను ఏ3 ఎత్తు 16.54 అంగుళాలతో భాగిస్తే అంగుళానికి 240 పైన. 300 ఉండాలని అందరూ అంటారు గానీ పోస్టరుకు 240 నిండుగా సరిపోతుంది. 3ఎక్స్ మాత్రం ఈ ఫోన్‌లో సాగదీసిన బొమ్మే, దాని జోలికి పోలేదు.

వెనక తెల్ల చార్టు (22×28 అంగుళాలు) గోడకు అంటించి, మడత పడకుండా ఒంపుగా బల్ల మీదికి దించాం. ఇక్కడ ఒక లెక్క తప్పింది. బొమ్మ వెనక చార్టు ఇంకో అడుగు దూరంలో ఉంటుంది కాబట్టి అక్కడ కెమెరా చూసే ఎత్తు 44 కాదు, 66 సెంటీమీటర్లు. చార్టులో ఒక అడుగు పొడవు బల్ల మీదే అయిపోయింది. పైన నాలుగంగుళాల గోడ కనిపించింది, అదీ సరిగ్గా పేరు రావలసిన చోట. రెండో చార్టు అతికిస్తే అతుకు గీత పడుతుంది. పాత ఫ్లెక్సీకి తెల్లగా ఉన్న వెనకవైపు వాడితే సమస్య తీరింది. దాన్ని మడత పెట్టకుండా చుట్టి దాచాలి. మడత గీత పడితే పక్కవెలుతురులో కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

వెలుతురు: కిటికీ ఎడమపక్క, బల్ల దానికి రెండడుగుల దూరంలో, వెలుతురును తిప్పికొట్టడానికి కుడిపక్క థర్మాకోల్ షీటు. ట్యూబులైట్లు ఆపేయాలి. కిటికీ వెలుతురు ఒక రంగు, ట్యూబులైటు మరో రంగు. రెండూ కలిస్తే వైట్ బ్యాలెన్స్‌తో (తెలుపు తెల్లగా కనబడేలా సర్దే అమరికతో) ఏది సరిచేసినా రెండోది చెడుతుంది. కిటికీ లేక ఎల్‌ఈడీ లైట్ల కిందే తీయాల్సి వస్తే షట్టర్ (ఫొటో పడే సమయం) 1/50 లేదా 1/100 సెకను పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. 1/250 లాంటి వేగంలో ఫొటో మీద అడ్డచారలు పడతాయి.

అన్నీ చేత్తో సర్దుకునే ప్రో మోడ్‌లో ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సార్ స్పందన) 100, షట్టర్ 1/30, టైమర్ 3 సెకన్లు, ఫోకస్ ఏనుగు కన్ను మీద లాక్. ఆటోలో తీస్తే ఫ్రేము నిండా ఉన్న తెలుపును చూసి ఫోన్ వెలుతురు ఎక్కువైందనుకుంటుంది, అంతా బూడిదరంగు చేస్తుంది. ఆటోలోనే తీసేవాళ్లు ఎక్స్‌పోజర్‌ను +0.7 నుంచి +1 దాకా పెంచాలి.

అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది మెరుపు. కొండపల్లి బొమ్మను తెల్లపొణికి కర్రతో చెక్కుతారు. అవయవాలను విడివిడిగా చేసి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి రంగులేస్తారు. నీటి రంగులు, ఆకుల పసర్ల రంగులు వేసిన బొమ్మ మెరవదు, ఎలా పెట్టినా ఫొటోకు ఒదుగుతుంది. ఎనామెల్ వేసిన బొమ్మ అద్దంలా కిటికీని చూపిస్తుంది. మా ఏనుగు ఎనామెల్‌దే. అంబారీ మీద కిటికీ చువ్వలతో సహా తెల్లమచ్చ పడింది. కిటికీకి బటర్ పేపర్ అంటిస్తే చువ్వలు పోయి మచ్చ మెత్తబడింది, కానీ పోలేదు. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాన్ని లెన్సు ముందు పెట్టి, మచ్చ పలచబడే దాకా మెల్లగా తిప్పితే చాలావరకు తగ్గింది. దానివల్ల వెలుతురు తగ్గుతుంది కాబట్టి షట్టర్ 1/10కి వచ్చింది, ట్రైపాడ్ లేకుండా కుదరదు. కళ్లద్దానికి దాని రంగు కూడా ఉంటుంది. అదే అద్దంలోంచి తెల్ల కాగితాన్ని ఒకసారి తీసి పెట్టుకుంటే, తర్వాత గింప్‌లో ఆ తెలుపును బట్టి రంగు సరిచేయొచ్చు. మెరుపు మొత్తం తీసేయకండి. కొంచెం ఉంటేనే ఏనుగు వీపు గుండ్రంగా కనబడుతుంది.

పసుపు చార్టు మీద కూడా ప్రయత్నించాం. ఏనుగు పొట్ట కింద పసుపు ఛాయ పడింది. దాన్ని తుడవడం తలనొప్పి. నేపథ్యం రంగు తర్వాత వేసుకోవడమే మేలు.

ఫొటోలు కంప్యూటర్‌కు వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడుగు వైపు 1600 పిక్సెళ్లకు కుదించేస్తుంది. 240 కాస్తా 97 అవుతుంది. డాక్యుమెంట్‌గా పంపాలి, లేదా కేబుల్ పెట్టాలి. స్కూల్ పోస్టర్లు మసకగా రావడానికి సగం కారణం ఇదే.

3వ వారం: అక్షరాలు

పేరుకు రామభద్ర, వివరాలకు మండలి. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర లావుగా, దూరం నుంచి చదివేలా ఉంటుంది. అష్టదిగ్గజాల్లో ఒకడైన అయ్యలరాజు రామభద్రుడి పేరు పెట్టిన ఫాంటు. ఏ ఫాంటునైనా ఎంచుకునే ముందు ఈ మాటలు టైపు చేసి చూడండి: రాష్ట్రం, స్త్రీ, కృష్ణ, జ్ఞానం, క్ష్మ. వీటిలో ఏ ఒక్కటి విడిపోయినా, ఒకదాని మీద ఒకటి ఎక్కినా ఆ ఫాంటు పక్కన పెట్టండి.

వరుసల మధ్య దూరం దగ్గరే తెలుగు పోస్టరు నిలబడేదీ పడిపోయేదీ. ఇంగ్లిషుకు చాలిన, అక్షరం సైజులో 120 శాతం మనకు చాలదు. వివరాల భాగంలో 150 పెట్టాం. పేరుకు మాత్రం శాతాలు పనికిరావు, వరుస వరుసకూ విడిగా చూడాలి. ఎంచుకున్న సైజులో ఒళ్లు 28, వత్తు సుమారు 16, తలకట్టు సుమారు 8 మిల్లీమీటర్లు. మొదటి వరుసలో కిందికి దిగేది ‘ల్లి’ ఒక్కటే. అది సరిగ్గా ‘బొమ్మల’లోని చివరి ‘ల’ నెత్తిన పడుతుంది. ‘ల’కు తలకట్టు లేదు. కాబట్టి ఆ రెండు వరుసల మధ్య (అక్షరాల అడుగు నుంచి అడుగుకు) 46 మిల్లీమీటర్లు చాలు. రెండో వరుస నడిమిన ‘మ్మ’ ఉంది. దాని కింద ‘ప్రదర్శన’లోని ‘ద’, ‘ర’ వస్తాయి, రెంటికీ తలకట్టుంది. 46 పెడితే మ వత్తు తలకట్టులోకి దిగబడుతుంది. అక్కడ 54 పెట్టాం. కొలిస్తే ఎనిమిది మిల్లీమీటర్ల తేడా, కంటికి మాత్రం మూడు వరుసలూ సమంగానే ఉన్నాయి. మూడు వరుసలనూ ఒకే టెక్స్ట్ పెట్టెలో ఉంచితే ఇలా జరపడం కష్టం, మూడు విడి పెట్టెలు చేసుకోవాలి.

అక్షరాల మధ్య ఎడం పెంచకండి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో అలా చేస్తే వత్తు తన అక్షరాన్ని వదిలి పక్కకు జరుగుతుంది.

ఫొటోషాప్ వాడేవాళ్లకు వత్తులు విడిపోయి పొల్లులు కనిపిస్తుంటే, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి. ఇంక్‌స్కేప్‌కు ఈ బాధ లేదు. పాత ఆహ్వానపత్రాల నుంచి అను ఫాంట్లలో (పాత డీటీపీ తెలుగు ఫాంట్లు) ఉన్న మాటర్ తెచ్చి అతికిస్తే ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. అది యూనికోడ్ (అన్ని ఫాంట్లకూ ఉమ్మడిగా ఉండే అక్షర సంకేతాలు) కాదు. కన్వర్టర్‌లో మార్చి, మళ్లీ మొదటి నుంచి ప్రూఫ్ చదవాలి.

ఇంకోటి, ఎవరూ గమనించనిది. ‘ఆర్ట్‌రూమ్‌లో’ అని టైపు చేస్తే ‘ఆర్ట్రూమ్లో’ అయిపోతుంది. పొల్లు తర్వాత కనబడని విడదీత గుర్తు పెట్టాలి. ఇంక్‌స్కేప్‌లో కర్సర్ అక్కడ ఉంచి కంట్రోల్‌తో యూ నొక్కి, 200సి అని ఇంగ్లిషులో కొట్టి ఎంటర్ చేస్తే వస్తుంది.

పోస్టరు నేపథ్యం లేత మీగడ రంగు. ఏనుగును కత్తిరించి అతికిస్తే నీడ పోయి గాల్లో తేలుతుంది. అందుకని తెల్ల నేపథ్యంతోనే ఫొటోను గింప్‌లో మల్టిప్లై మోడ్‌లో (కింది రంగుతో కలిసి ముదిరే పద్ధతి) పెట్టాం. తెలుపు మాయమై మీగడ రంగు వస్తుంది, నీడ నీడలాగే ఉంటుంది. చిక్కల్లా ఏనుగు దంతాలు, అంబారీలోని తెల్ల చుక్కలు కూడా మీగడ రంగుకు తిరగడం. ఏనుగు మేరకే కనబడేలా మాస్క్ (మిగతాదాన్ని దాచే ముసుగు) గీసి, పైన మామూలు మోడ్‌లో రెండో కాపీ పెడితే తెలుపు తిరిగొచ్చింది. మాస్క్ అంచు 2 పిక్సెళ్లు మెత్తగా ఉండాలి.

4వ వారం: ప్రింటు

ముందు నలుపు తెలుపు ఏ4 ప్రింటు తీసి గోడకు అంటించాం. ఏ4 అంటే ఏ3కి 71 శాతం, కాబట్టి పదడుగుల బదులు ఏడడుగుల నుంచి చదివి చూడాలి. పేరు బాగానే ఉంది. తేదీ, సమయం చదవడానికి ఇబ్బందైంది. 18 పాయింట్ల నుంచి 26కి పెంచాం.

ఫైలు 303×426 మిల్లీమీటర్లు: నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కత్తిరించి పారేసే అదనపు అంచు. డిజిటల్ ప్రింటర్ల 12×18 అంగుళాల షీటులో ఇది సరిగ్గా పడుతుంది. అక్షరాలేవీ కత్తిరింపు గీతకు 10 మిల్లీమీటర్ల లోపు రాకూడదు. కాగితం 170 జీఎస్ఎం ఆర్ట్ పేపర్. పంపే ముందు అక్షరాలన్నిటినీ పాత్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీతల బొమ్మలుగా, మార్చాలి. షాపులో ఆ ఫాంటు లేకపోతే ఇంకేదో ఫాంటు వచ్చి కూర్చుంటుంది. మార్చని కాపీ వేరే పేరుతో దాచుకోండి, లేకపోతే తేదీ మారినప్పుడు మొత్తం మళ్లీ కట్టాలి.

మొదటి ప్రింటులో మూడు తప్పులు. ఏనుగు ముదురుగా వచ్చింది: తెర వెనక వెలుగుంటుంది, కాగితం వెనక ఉండదు. గింప్‌లో వెలుతురు సర్దే లెవెల్స్‌లో నడిమి బాణాన్ని 1.00 నుంచి 1.15కి జరిపితే సరిపోయింది. రెండోది, ఏనుగు వీపు మీది గుడ్డకున్న నీలం ఊదాగా మారింది. ప్రింటు ఇంకుల్లో సయాన్ (లేత నీలం), మెజెంటా (ముదురు గులాబీ) రెండూ వంద శాతానికి దగ్గరగా ఉంటే అంతే. వాటి మధ్య 30 తేడా ఉంచాలి. ఇక చిన్న అక్షరాల అంచులకు రంగు పారింది. నలుపును నాలుగు ఇంకులతో కలిపి వేయడమే కారణం. నాలుగు ఇంకులూ వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా చిన్న అక్షరం చెదురుతుంది. ఇంక్‌స్కేప్ ఫైలును ఇంకుల లెక్కలో కాక ఆర్‌జీబీలో (తెర రంగుల లెక్కలో) ఇస్తుంది కాబట్టి, వివరాల అక్షరాలను ఒట్టి నలుపు ఇంకుతోనే వేయమని షాపులో చెప్పి మార్పించాం.

5వ వారం: ఫ్లెక్సీ

6×3 అడుగులు, అంగుళానికి 72 పిక్సెళ్లు: 5184×2592. ఇంకా పెద్ద ఫొటో కావాలేమో అనిపిస్తుంది, అక్కర్లేదు. 4000 పిక్సెళ్ల ఎత్తున్న అదే ఫొటో 36 అంగుళాల్లో అంగుళానికి 111 ఇస్తుంది. కానీ నిలువు లేఅవుట్‌ను అడ్డంగా సాగదీయడం కుదరదు. ఏనుగు కుడిపక్కకు, పేరు ఎడమపక్కన రెండు వరుసల్లోకి: ‘కొండపల్లి’ / ‘బొమ్మల ప్రదర్శన’. వరుస విరుపు మారింది కాబట్టి ఎడమకు సర్దితే ‘ల్లి’ ఇప్పుడు పైన పడేది ‘ల’ మీదా, ‘ప్ర’ మీదా అని మళ్లీ చూడాలి. ‘ప’ తలకట్టుకు తగిలింది. కింది వరుసను కొద్దిగా కుడికి జరిపితే తప్పుకుంది.

అంచుల్లో రింగులు కొడతారు. చుట్టూ రెండంగుళాలు ఖాళీ వదిలాం. తాడు లాగినప్పుడు మూలలు ముడుచుకుంటాయి, అక్కడ తేదీ పెట్టకూడదు.

మిగిలిన పని: ఎడ్లబండి, దశావతారాల సెట్టు ఫొటోలు. దశావతారాలు వరుసగా పెడితే వెడల్పు ఎక్కువ. 2ఎక్స్‌లో నాలుగడుగులు వెనక్కి వెళ్లాలి, అప్పుడు పాత ఫ్లెక్సీ వెడల్పు చాలుతుందో లేదో ముందే కొలవాలి.