మిద్దె తోట చిట్టా: ట్రైకోడెర్మా, మైకోరైజా పెంపకం

నెల్లూరులో ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకుంటే మిరప నారులో మొదట కనిపించేది నారుకుళ్ళు. దాని ప్రధాన కారకాల్లో ఒకటైన పిథియం నేటి వర్గీకరణ ప్రకారం అసలు శిలీంధ్రమే కాదు. దాని గమన సిద్ధబీజాలు నీటిలో ఈదుతూ వేరు నుంచి వేరుకు చేరతాయి కనుక, నీరు నిలిచే తొట్టిలో ఏ మందు వేసినా పెద్దగా ప్రయోజనం ఉండదు. అందుకని ఈ ఏడు ముందు తొట్ల అడుగు రంధ్రాలు పెద్దవి చేసి, ఆ తరువాతే ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం పని మొదలుపెట్టాను.

బాగా చివికిన పశువుల ఎరువు 9 కిలోలు, వేపపిండి 1 కిలో, ట్రైకోడెర్మా విరిడి పొడి 200 గ్రాములు కలిపి, పిడికిట పడితే ముద్దయ్యేటట్టు, నీరు మాత్రం కారనట్టు తడిపి, మెట్ల కింద నీడలో తడి గోనెసంచి కప్పాను. తొలుత దూదిపింజల్లాంటి తెల్లని పోగులు అల్లుకున్నాయి; వారం దాటాక అవి పచ్చని పొడి పట్టాయి, సంచి ఎత్తగానే కొబ్బరి వాసన వచ్చింది. ఆ పచ్చదనమంతా పోగుల కొసల్లో గుత్తులుగా పుట్టే కొనిడియాలది, అంటే లైంగిక కలయిక లేకుండానే ఏర్పడే సిద్ధబీజాలది. వాడుకోవలసిన అదను అదే. నారుకుళ్ళుకు మరో కారణమైన రైజోక్టోనియా పోగులను ట్రైకోడెర్మా చుట్టుకొని, వాటి కణకవచాన్ని ఎంజైములతో కరిగించి తింటుంది. కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశక మందు దీన్ని కూడా చంపుతుంది కనుక ఆ మందును నారు దరిదాపులకు రానివ్వలేదు.

మొక్క వేర్లతో శిలీంధ్రాలు పెట్టుకునే పొత్తైన మైకోరైజా దారి వేరు. ఆర్బస్క్యులర్ రకం శిలీంధ్రాలు బతికున్న వేరు దొరికితే తప్ప వృద్ధి చెందవు. ఎరువు కుప్పలో ఎన్నాళ్లు మగ్గబెట్టినా లాభం లేదు. అందువల్ల రోహిణి కార్తె ఎండలో పాలిథీన్ పట్టా కింద కాగిన ఇసుక, ఎర్రమట్టి మిశ్రమంలో వ్యామ్ పొడి (ఈ శిలీంధ్రాలున్న పొడి) వేసి, పైన జొన్న విత్తాను. సుమారు మూడు నెలల పైరయ్యాక నీరు ఆపి కాడలు కోసేస్తే, వేర్ల చుట్టూ సిద్ధబీజాలు బాగా ఏర్పడతాయి. ప్రస్తుతం జొన్న కంకి మీద ఉంది. తరిగిన వేర్లను ఆ మట్టితో సహా, పొదలకూరు నుంచి తెచ్చిన నిమ్మ మొక్కల వేర్లకు తగిలేలా వేయాలి. మట్టిలో భాస్వరం కదలదు. నిమ్మ వేరుకు అందని చోటు నుంచి దాన్ని శిలీంధ్రపు పోగులు తెచ్చిపెడతాయి, బదులుగా మొక్క వాటికి చక్కెరలు, కొవ్వులు ఇస్తుంది. సూపర్ ఫాస్ఫేట్ ధారాళంగా పోస్తే మొక్క ఈ పొత్తును తగ్గించుకుంటుంది కాబట్టి ఆ తొట్లకు దాన్ని మానేశాను. ముల్లంగి, తోటకూర తొట్లకు మాత్రం ఈ మట్టి వేయను. వాటి కుటుంబాల మొక్కలు సాధారణంగా ఈ పొత్తు పెట్టుకోవు.