అటక దిగిన ఏ350: ఏరోఫ్లోట్ నుంచి ఎయిరిండియాకు

ఫిబ్రవరి 4, 2024

రెండేళ్లుగా అటక మీద ఉన్న పెట్టెను ఈరోజు దించాను. లోపల ఎయిర్‌బస్ విమానం ఏ350-900 ప్లాస్టిక్ మోడల్ కిట్టు, సగం పని అయినది. స్కేలు 1/144, అంటే అసలు విమానంలో 144వ వంతు. మా తమ్ముడు రష్యాలో వైద్య విద్య చదివిన రోజుల్లో సెలవులకు రష్యా సంస్థ ఏరోఫ్లోట్ విమానంలోనే ఢిల్లీకి వచ్చేవాడు. "అన్నయ్యా, వాళ్లకు ఏ350లు వచ్చాయి, ఒకటి చేసి పెట్టవా" అని 2021లో అడిగాడు. బాడీ రెండు సగాలూ అతికించాను, అతుకు రుద్దాను, ప్రైమర్ (రంగు కింది పూత) కొట్టాను, తోక మీద రష్యా జెండా తెలుపు, నీలం, ఎరుపు చారలు వేశాను. అంతలో 2022 ఫిబ్రవరి వచ్చింది. ఉక్రెయిన్ మీద దాడి, దాని వెంటే ఆంక్షలు. రష్యాకు ఎయిర్‌బస్ విమానాలు ఆగిపోయాయి. ఏరోఫ్లోట్ కోసం తయారైన ఏ350లు యజమాని లేకుండా మిగిలిపోయాయి. నాకూ మనసు విరిగి కిట్టును అటకెక్కించాను.

మళ్లీ దించడానికి కారణం బేగంపేట. గత నెల వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శనలో ఎయిరిండియా మొదటి ఏ350ని కళ్లారా చూశాను. రిజిస్ట్రేషన్ వీటీ-జేఆర్ఏ. జేఆర్ అన్న రెండక్షరాలు చూడగానే నాకు 1932లో కరాచీ నుంచి ముంబయికి టపా విమానం నడుపుకుంటూ వచ్చిన, ఎయిరిండియా స్థాపకుడు జేఆర్‌డీ టాటా గుర్తుకొచ్చారు. ఎయిరిండియా తీసుకున్న ఆరు ఏ350-900లూ ఏరోఫ్లోట్ కోసం తయారైనవే. అంటే నేను మొదలుపెట్టిన విమానమే రంగు మార్చుకుని మన ఊరికి వచ్చి నిలబడింది! ఇంటికి వచ్చేలోపే నిర్ణయం అయిపోయింది. కొత్త కిట్టు కొనను. ఉన్నదానికే రంగు ఒలిచి ఎయిరిండియా చేస్తాను.

ఫిబ్రవరి 11

ఈ వారమంతా పాత రంగు తీయడమే. ఎక్రిలిక్ రంగు కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. ప్లాస్టిక్ డబ్బాలో 99 శాతంది పోసి, తోకను 20 నిమిషాలు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. తెలుపు, ఎరుపు తేలిగ్గానే ఊడాయి. నీలం మొండికేసింది. రెండోసారి నానబెట్టాక దాదాపు పోయింది గానీ, రడ్డర్ (తోక వెనక కదిలే పలక) అతుకు గాడిలో వెంట్రుకంత నీలి గీత ఉండిపోయింది. సూదితో గీకితే గాడి అంచు పాడవుతుంది. ఎలాగూ మీద ప్రైమర్ పడుతుంది కాబట్టి వదిలేశాను. నిజం చెప్పాలంటే ఆ గీత అక్కడ ఉండటమే నాకు ఇష్టమనిపించింది.

ఎవరైనా ఈ పని చేస్తే ఒక జాగ్రత్త: కిటికీల పారదర్శక ముక్కలను ఆల్కహాల్‌లో ముంచకండి, సన్నని పగుళ్లు వస్తాయి. నా కిట్టులో కాక్‌పిట్ అద్దం అప్పటికే అతికి ఉంది. అందుకని ముక్కు భాగాన్ని ముంచకుండా, తడిపిన దూది పుల్లతో అంగుళం అంగుళం తుడిచాను. ఒక సాయంత్రం పట్టింది.

అసలు తోకకే ముందు రంగు ఎందుకు వేశానని మా అమ్మాయి అడిగింది. ఎయిర్‌బస్‌లోనూ అంతే. నిలువు తోకకు రంగు వేశాకే దాన్ని తెచ్చి బాడీకి బిగిస్తారు. మిగతా విమానం ఇంకా ప్రైమర్‌లో ఉండగానే తోక మాత్రం ఏ సంస్థదో చెప్పేస్తుంది.

ఫిబ్రవరి 25

అతుకు మళ్లీ బయటపడింది. పాత పుట్టీ కుంగినట్టుంది. సన్నగా పుట్టీ పెట్టి ఒక రోజు ఆరనిచ్చి, నీళ్లు తడుపుతూ 600, తర్వాత 1000, చివర 2000 నంబరు ఎమెరీ కాగితంతో రుద్దాను. వేలి కొసతో తడిమితే తెలియకూడదు, అదే పరీక్ష. ఎయిరిండియా కొత్త రూపంలో బాడీ ఎక్కువ భాగం తెలుపు. ఆ మెరిసే తెలుపు కింద చిన్న గీత ఉన్నా పట్టిచ్చేస్తుంది.

కొలతలు కూడా సరిచూశాను. అసలు విమానం పొడవు 66.8 మీటర్లు, మోడల్ 46.4 సెంటీమీటర్లు ఉండాలి. రెక్కల వెడల్పు 64.75 మీటర్లు, అంటే 45 సెంటీమీటర్లు. రెండూ సరిపోయాయి. ఇంటర్నెట్‌లో ఫొటోలు చూసి చేసేవాళ్లు ప్రధాన చక్రాలు లెక్కపెట్టండి. ఒక్కో వైపు నాలుగు ఉంటే -900, ఆరు ఉంటే పొడవైన -1000. ఎయిరిండియా 2023 ఫిబ్రవరిలో ప్రకటించిన 470 విమానాల ఒప్పందంలో ఏ350లు 40. అందులో 34 పెద్దవి, ఆరు -900లు. ఈ ఆరే ముందుగా వచ్చినవి. పెద్ద విమానం ఈరోజు కొత్తగా ఆర్డరు పెడితే చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే తయారై నిలబడ్డ విమానం దొరకడం విమానయాన సంస్థకు వరం. పైలట్లకు, సిబ్బందికి, మెకానిక్‌లకు చెయ్యి తిరుగుతుంది. ఎయిరిండియా ఏ350 2024 జనవరి 22న బెంగళూరు నుంచి ముంబయికి మొదటి ప్రయాణికులను తీసుకెళ్లింది, మొదట్లో దేశంలోనే నడిపారు. అంత పెద్ద విమానాన్ని గంటన్నర ప్రయాణాలకు తిప్పింది ఈ సాధన కోసమే.

అయితే వరంతో పాటు ఒక షరతు ఉంటుంది. సీట్లు మొదటివారు ఎంచుకున్నవే. బిజినెస్‌లో తలుపులున్న గదుల్లాంటివి 28, ప్రీమియం ఎకానమీలో 24, ఎకానమీలో 264, మొత్తం 316. ఏరోఫ్లోట్ ఏ350 అమరిక కూడా సరిగ్గా ఇదే. మార్చాలంటే కొత్త సీట్ల తయారీ, వాటి ధ్రువీకరణ, మళ్లీ నెలల ఆలస్యం. మార్చకుండా తీసుకోవడమే తెలివైన పని అని నా అభిప్రాయం.

ఇలాంటి చేతులు మారిన కథలు వేరేవీ ఉన్నాయి. జపాన్‌లో స్కైమార్క్ అనే విమాన సంస్థ ఏ380లను (రెండంతస్తుల పెద్ద విమానాలు) చేయిజార్చుకుని దివాలా తీసింది. ఆ దివాలా వ్యవహారంలో భాగంగా ఏఎన్ఏ అనే మరో జపాన్ సంస్థ మూడు ఏ380లకు ఆర్డరిచ్చింది. 2019 నుంచి వాటికి తాబేళ్ల బొమ్మలు వేసి హొనొలులుకు నడుపుతోంది. నాకు ఎక్కువగా గుర్తుండేది మాత్రం కింగ్‌ఫిషర్. బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎక్కడా ఆగకుండా ఎగరాలని ఏ340-500లకు ఆర్డరు పెట్టారు. అవి ఇక్కడికి రాలేదు. 2008లో రెండు నైజీరియాలోని అరిక్ ఎయిర్‌కు వెళ్లాయి. అప్పుడు మనది పోయింది, ఇప్పుడు ఇంకొకరిది మనకు వచ్చింది.

మార్చి 10

రంగుల రోజు. కొత్త రూపాన్ని 2023 ఆగస్టులో ప్రకటించారు: ముదురు ఎరుపు, వంకాయ రంగు, బంగారు రంగు, తోక మీద ఝరోకా కిటికీని తలపించే వంపు. వంకాయ రంగు సీసాలో దొరకలేదు, కలిపాను. ఎరుపు పది చుక్కలు, నీలం మూడు, నలుపు ఒకటి. మొదట బూడిద రంగు ప్రైమర్ మీద కొట్టి చూస్తే చచ్చుగా కనిపించింది. పాత చెంచా వెనక తెల్లరంగు వేసి దాని మీద కొడితే అసలు నిగనిగ వచ్చింది, మా అమ్మ గుత్తివంకాయకు ఏరే లేత కాయల్లా. కాబట్టి తోక మొత్తానికి ముందు తెలుపు, తర్వాత బంగారం, దానికి టేపు, తర్వాత ఎరుపు, మళ్లీ టేపు, ఆఖరుకు వంకాయ రంగు. ఎయిర్‌బ్రష్ ఒత్తిడి 15 పీఎస్ఐ. ఒక్కో పొరకూ మధ్య ఒక రాత్రి ఆరబెట్టాను. తొందరపడి టేపు పీకితే కింది రంగు దానితోనే లేచి వస్తుంది.

డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే ముద్రిత బొమ్మలు) విషయంలో దెబ్బ తిన్నాను. బయట ముద్రింపించిన కాగితం మీద క్లియర్ కోటు (రంగులేని పై పూత) సరిగా వేయలేదు. నీళ్లలో పెట్టగానే ఎర్ర సిరా కరిగిపోయింది. రెండోసారి ముద్రింపించాక నేనే రెండు పల్చని పొరలు కొట్టి, రెండు రోజులు ఆగి వాడాను. మీరూ ముందు ఒక మూల ముక్క కత్తిరించి నీళ్లలో పరీక్షించండి.

మార్చి 24

బాడీ మీద పేరు పడింది, పొట్ట కింద పెద్ద అక్షరాలూ పడ్డాయి. కాక్‌పిట్ చుట్టూ ఏ350కి ప్రత్యేకమైన ఆ నల్ల ముసుగు కూడా. ఇంజిన్ ముందు ఫ్యాన్‌కు 22 రెక్కలు, ఒక్కొక్కటీ సన్న కుంచెతో ముదురు బూడిద రంగు వేశాను. రిజిస్ట్రేషన్ అన్నిటికన్నా చివర. బియ్యపు గింజంత డెకాల్‌ను పట్టకారుతో పట్టుకుని, నీటి చుక్క మీద జరుపుతూ సరైన చోటికి తెచ్చి, దూది పుల్లతో నీటిని లాగేశాను. ఊపిరి బిగపట్టిన ఆ అర నిమిషంలో వీటీ-జేఆర్ఏ అతుక్కుంది.

తమ్ముడికి వీడియో కాల్‌లో చూపించాను. తోక దగ్గరగా పెట్టమన్నాడు. రడ్డర్ గాడి ఎక్కడో చూపించి, లోపల ఉన్న నీలి గీత సంగతి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సీట్లు అవే అన్నావు కదా అన్నయ్యా, అయితే నేను అడిగిన విమానమే ఇచ్చావు" అన్నాడు.

ముందు చక్రం, యాంటెన్నాలు, పైన ఆఖరి క్లియర్ కోటు మిగిలాయి. ముక్కులో బరువు కోసం వేసిన సీసపు గుళ్లు చాలినట్టు లేవు, చక్రాల మీద నిలబెడితే తోక మీదికి ఒరుగుతోంది. బాడీ ఇక విప్పలేను కాబట్టి ముందు చక్రం అరలోంచి సన్న గుళ్లు జిగురుతో కలిపి ఎక్కించి చూస్తాను, వచ్చే ఆదివారం.