వేళ్లు కొంకర్లు పోకుండా బండి నడపడం

చలిలో మోటారుసైకిల్ నడిపేవారికి అన్నిటికంటే ముందు మొరాయించేవి చేతివేళ్లే. ఒకసారి గంటసేపు ఆగకుండా నడిపి దిగిన తరువాత, నా ఎడమచేతి వేళ్లు హ్యాండిల్‌ను పట్టుకున్న ఆకారంలోనే వంగి ఉండిపోయాయి. హెల్మెట్ పట్టీకి ఉన్న బకిల్‌ను నొక్కుతున్నానో లేదో కూడా తెలియలేదు. అదే వేళ్లతో అంతవరకూ క్లచ్ పట్టానన్న సంగతి తలచుకుంటే అప్పుడు భయం వేసింది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. మొద్దుబారిన వేళ్లు బ్రేక్ లివర్‌ను అందుకోవడంలో అర సెకను ఆలస్యం చేస్తే ఎనిమిది మీటర్లు చేజారినట్లే.

చాలామంది చేసే పొరపాటే నేనూ చేశాను. ప్రతి చలికాలానికీ మరింత మందమైన గ్లౌజులు కొంటూ పోయాను. వాటిలో వేళ్లు బిగుసుకుపోయి రక్తం సరిగా ఆడకపోవడమే కాక, లివర్ ఎంత లోపలికి వచ్చిందో కూడా తెలిసేది కాదు. గ్లౌజు వేడిని పుట్టించదు, ఉన్న వేడిని నిలుపుతుంది, అంతే. ఆ వేడి రక్తంతో పాటు రావాలి. ఛాతీ, పొట్ట చల్లబడుతున్నాయని పసిగట్టగానే శరీరం లోపలి అవయవాలను కాపాడుకోవడానికి చేతులకూ కాళ్లకూ వెళ్లే సన్నని రక్తనాళాలను కుదించేస్తుంది. వేళ్లలో వేడి పుట్టించగల కండ చాలా తక్కువ. వాటిని కదిలించే కండరాల్లో చాలా భాగం ముంజేతిలోనే ఉంటుంది. అందువల్ల నేను ఇప్పుడు గ్లౌజుల కంటే ముందు మెడ చుట్టూ గాలి దూరకుండా చూసుకుంటాను, జాకెట్ లోపల మరొక పొర వేసుకుంటాను. ఈ ఒక్క మార్పుతో వచ్చిన తేడా కొన్న గ్లౌజులన్నీ కలిసినా రాలేదు.

ఆ తరువాతి శత్రువు గాలి. ఉష్ణోగ్రత 5 డిగ్రీలు ఉన్నప్పుడు గంటకు 80 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి అది సున్నాకు రెండు మూడు డిగ్రీలు దిగువన ఉన్నట్లు అనిపిస్తుంది. ఉన్ని గ్లౌజులు ఎంత మెత్తగా ఉన్నా గాలిని ఆపలేవు కనుక బండి మీద అవి ఒంటరిగా పనికిరావు. పైన గాలి చొరని పొర ఉండి, లోపల వేళ్లు కాస్త కదిలేంత వదులుంటే, ఆ సందులో నిలిచిన గాలే వెచ్చదనాన్ని కాపాడుతుంది. మణికట్టు దగ్గర జాకెట్ చేతికీ గ్లౌజుకూ మధ్య వేలెడు సందు మిగిలినా చలి అక్కడి నుంచే మొదలవుతుంది. లోపల పల్చని రబ్బరు గ్లౌజులు వేసుకోవడం అత్యవసరంలో పనికొచ్చే చిట్కాయే గాని, కొంతసేపటికి చెమట పట్టి అసలుకే మోసం వస్తుంది.

హ్యాండిల్‌కు బిగించే హ్యాండ్ గార్డులు చూడడానికి అల్పంగా కనిపించినా, గాలిని చేతుల దాకా రానివ్వకుండా పక్కకు మళ్లిస్తాయి. సంచుల్లా తొడిగే కవర్లు ఇంకా వెచ్చగా ఉంటాయి. అయితే వేగం పెరిగినప్పుడు గాలి ఆ కవరును బ్రేక్ లివర్ మీదికి నెట్టకుండా, చెయ్యి చటుక్కున బయటికి వచ్చేలా ఉన్నదో లేదో ముందే చూసుకోవాలి. వేడెక్కే గ్రిప్పులు నాకు ఇష్టమే, కానీ అవి అరచేతిని మాత్రమే కాచి, గాలికి ఎదురుగా ఉండే చేతి వెనుక భాగాన్ని చలికే వదిలేస్తాయి. గార్డులు లేకుండా వాటిని పెట్టించుకోవడం తలుపు తీసి కుంపటి పెట్టుకోవడం వంటిది. చిన్న బండ్లలో కరెంటు అంతగా మిగలదు కాబట్టి అవి ఎంత లాగుతాయో చూసుకుని, తాళంచెవి తిప్పి ఇంజన్ ఆపగానే అవి కూడా ఆగిపోయేలా వైరింగ్ చేయించాలి.

ఇంత చేసినా వేళ్లు మొద్దుబారితే బండి ఆపడమే మంచిది. వేడి సైలెన్సరుకు చేతులు ఆనించకూడదు, ఎందుకంటే స్పర్శ తెలియని చర్మం కాలుతున్నా తెలియదు. నేను దిగి నిలబడి, రెండు చేతులనూ భుజాల నుంచి పెద్ద చక్రాల్లా గిరగిర తిప్పుతాను. ఆ విసురుకు రక్తం మునివేళ్ల దాకా చేరుతుంది. దారిన పోయేవారు వింతగా చూస్తారు. కాసేపటికి వేళ్లలో సూదులు గుచ్చుతున్నట్లు నొప్పి మొదలవుతుంది. అది తగ్గి, ప్రతి వేలి కొసనూ బొటనవేలితో తాకగలిగిన తరువాతనే మళ్లీ క్లచ్ పడతాను.