ది బాయ్స్ చివరి సీజన్: ఏప్రిల్ 8 లోపు ఏవి మళ్ళీ చూడాలి, ఎందుకు చూడాలి

ప్రైమ్ వీడియోలో ‘ది బాయ్స్’ (చెడిపోయిన సూపర్‌హీరోలకి ఎదురుతిరిగే ఓ చిన్న జట్టు కథ) ఐదో సీజన్ 2026 ఏప్రిల్ 8న, బుధవారం మొదలవుతోంది. ఆ రోజు రెండు ఎపిసోడ్లు ఒకేసారి వస్తాయి. ఆ తర్వాత ఏప్రిల్ 15, 22, 29, మే 6, 13 తేదీల్లో ఒక్కొక్కటి, మే 20న ఆఖరిది. మొత్తం ఎనిమిది. 2019 జులై 26న మొదలైన కథ సరిగ్గా నలభై ఎపిసోడ్లతో ముగిసిపోతుంది. ఇదే ఆఖరి సీజనని షోరన్నర్ ఎరిక్ క్రిప్కీ నాలుగో సీజన్ విడుదలకి ముందే చెప్పేశాడు. కాబట్టి ఈసారి మిగిలిపోయిన ముడులు విప్పడానికి “వచ్చే సీజన్” అనేది లేదు.

నాలుగో సీజన్ ఆఖరి ఎపిసోడ్ వచ్చింది 2024 జులై 18న. ఇరవై నెలలు దాటిపోయింది. ఎవరు ఎవరి పక్షాన ఉన్నారో గుర్తు లేకుండా నేరుగా కొత్త సీజన్లోకి దిగితే మొదటి రెండు ఎపిసోడ్లూ అయోమయంగానే గడుస్తాయి. అలాగని ముప్పై రెండూ మళ్ళీ చూడక్కర్లేదు. పదిహేను చాలు, దీని అనుబంధ సిరీస్ ‘జెన్ వీ’తో కలిపి. ఒక్కోటి గంట అటూ ఇటూ ఉంటుంది. మార్చి 24న మొదలుపెట్టి రోజుకొకటి చూస్తే ఏప్రిల్ 7 రాత్రికి అయిపోతాయి.

ఇక్కణ్ణుంచి మొదటి నాలుగు సీజన్ల కథ మొత్తం బయటపెట్టే రాస్తున్నాను. చూడనివాళ్ళు ఇక్కడే ఆగి, మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్‌తో మొదలుపెట్టండి.

ఏవి చూడాలో తేల్చుకోవాలంటే ముందు ఒక విషయం పట్టుకోవాలి. ఈ ఆఖరి సీజన్ నిలబడేది రెండు ఆయుధాల మీద. ఒకటి వైరస్, రెండోది సోల్జర్ బాయ్ అనే పాతతరం సూపర్‌హీరో. వైరస్ సూపర్‌హీరోని చంపేస్తుంది. సోల్జర్ బాయ్ ఛాతీలోంచి వచ్చే పేలుడు శక్తిని మాత్రమే తీసేస్తుంది, మనిషి బతికే అవకాశం ఉంటుంది. మొదటిది బాయ్స్ జట్టు నాయకుడు బుచర్ చేతిలో ఉంది, రెండోది సూపర్‌హీరోలందరిలో బలవంతుడూ, కథకి అసలు విలనూ అయిన హోమ్‌ల్యాండర్ చేతిలో ఉంది. ఈ రెండూ ఎలా పనిచేస్తాయో తెలిసినవాళ్ళకి కొత్త సీజన్లో ప్రతి బేరమూ, ప్రతి బెదిరింపూ అర్థమవుతుంది.

రెండింటికీ మూలం కాంపౌండ్ వీ. ఇందులో సూపర్‌హీరోలు దేవుడిచ్చిన వరంతో పుట్టినవాళ్ళు కాదు. పసిపిల్లలుగా ఉన్నప్పుడు, సూపర్‌హీరోలతో వ్యాపారం చేసే వాట్ కంపెనీ వాళ్ళకి ఈ మందు ఎక్కించి, జనానికి మాత్రం దైవలీల అని చెప్పింది. పెద్దయ్యాక ఎక్కించుకుంటే ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి మనిషి పోతాడు, ఒక్కోసారి వికటిస్తుంది. నాలుగో సీజన్ ఐదో ఎపిసోడ్లో, బుచర్ జట్టులో ఉన్న హ్యూయీ తండ్రికి జరిగింది ఇదే. కోమాలో ఉన్న మనిషి లేచాడు, గోడల్లోంచి దూరిపోయే శక్తి వచ్చింది, కానీ తను ఎక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో తనకే తెలియదు. ఎదురొచ్చినవాళ్ళ ఒంట్లోంచి కూడా అలాగే దూరి చంపేస్తాడు. చివరికి కొడుకే దగ్గర కూర్చుని సాగనంపాల్సి వచ్చింది. నాలుగో సీజన్ మొత్తంలో అంత బాగా తీసిన ఎపిసోడ్ ఇంకోటి లేదు. వాట్ సీఈఓ ఆష్లీ కూడా ఆఖర్లో ప్రాణభయంతో ఈ మందే పొడుచుకుంది కాబట్టి, పెద్దవాళ్ళ ఒంట్లో ఇది ఏం చేస్తుందో ముందే చూసుకుని వెళ్ళడం మంచిది.

రెండో రకం టెంప్ వీ. మూడో సీజన్లో వచ్చే ఆకుపచ్చ మందు. శక్తి ఇరవై నాలుగు గంటలే. బుచర్‌కి కళ్ళలోంచి లేజర్ వచ్చింది, హ్యూయీకి ఉన్నచోట మాయమై ఇంకోచోట తేలే శక్తి వచ్చింది, ఒంటి మీద బట్టలు మాత్రం వెనకే ఉండిపోయేవి. మూడు నుంచి ఐదు డోసులు పడితే ప్రాణం మీదికి వస్తుందని హ్యూయీ ప్రేయసి, సూపర్‌హీరో అయిన యానీ కనిపెడుతుంది. హ్యూయీ ఆగిపోయాడు. నిజానికి బుచరే అతన్ని కొట్టి ఆపాడు. తను మాత్రం ఆగలేదు. మెదడులో గడ్డలు మొదలయ్యాయి, డాక్టర్ ఏడాది నుంచి ఏడాదిన్నర గడువిచ్చింది. నాలుగో సీజన్లో ఆ జబ్బే ఇంకో రూపం తీసుకుంది. బుచర్ ఒంట్లోంచి బయటికొచ్చి, ఉపాధ్యక్షురాలిగా గెలిచిన న్యూమన్‌ని రెండుగా చీల్చేసిన ఆ తీగల్లాంటివి అక్కణ్ణుంచి వచ్చినవే. అతనితో మాట్లాడుతూ ఉండే కెస్లర్ నిజం మనిషి కాదనీ, బుచర్ తలలో ఉన్నవాడేననీ ఆరో ఎపిసోడ్లో తేలుతుంది. అది తెలిశాక నాలుగో ఎపిసోడ్ నుంచి వరసగా మళ్ళీ చూడండి. కెస్లర్ ఉన్న సీన్లో బుచర్ తప్ప ఇంకెవరూ అతని వైపు చూడరు, అతనికి జవాబివ్వరు.

వైరస్ సంగతి ‘ది బాయ్స్’ మాత్రమే చూసినవాళ్ళకి సగమే తెలుసు. అది పుట్టింది ‘జెన్ వీ’ మొదటి సీజన్లో. గొడాల్కిన్ యూనివర్సిటీ కింద ‘ది వుడ్స్’ అనే రహస్య ఆస్పత్రిలో విద్యార్థుల మీద ప్రయోగాలు చేసి, డీన్ ఇందిరా షెట్టి పర్యవేక్షణలో డాక్టర్ కార్డోసా తయారుచేశాడు. అతన్ని చంపి న్యూమన్ దాన్ని తీసుకుపోయింది. అక్కణ్ణుంచి ఆమె కూతురి తండ్రి సమీర్ చేతికి, అతన్ని ఎత్తుకుపోయిన బుచర్ చేతికి వచ్చింది. మొదట్లో ఉన్న వైరస్ మామూలు సూపర్‌హీరోని చంపుతుంది గానీ హోమ్‌ల్యాండర్‌కి చాలదు. అతన్ని చంపేంత గట్టిగా చేస్తే అది ఒక్కడితో ఆగదు, గాలిలో పాకి కాంపౌండ్ వీ ఉన్న ప్రతి ఒక్కరినీ పట్టుకుంటుందని సమీర్ ముందే హెచ్చరించాడు. చిక్కంతా ఇక్కడే ఉంది. యానీ ఒంట్లో వీ ఉంది. బుచర్ జట్టులోని కిమికో ఒంట్లో ఉంది. హోమ్‌ల్యాండర్ కొడుకు రయన్ అయితే దాంతోనే పుట్టాడు. ఇప్పుడు బుచర్ ఒంట్లో కూడా ఉన్నట్టే.

వైరస్ ఎంత వేగంగా పాకుతుందో చూడాలంటే నాలుగో సీజన్ ఏడో ఎపిసోడ్ చూడండి. తప్పించుకునే గొడవలో సమీర్ సిరంజి తీసి కిమికో కాలికి పొడుస్తాడు. అదే జట్టులోని ఫ్రెంచీకి ఆలోచించే వ్యవధి లేదు, ఆ కాలు తీసేస్తేనే ఆమె బతుకుతుంది. తీసేస్తాడు. ఆమెకి మళ్ళీ పెరుగుతుంది కాబట్టి సరిపోయింది. గాలిలో వచ్చే రకానికి ఈ ఉపాయం పనికిరాదు, పీల్చినదాన్ని కోసి తీసేయలేం కదా.

ఇక సోల్జర్ బాయ్. మూడో సీజన్ నాలుగో ఎపిసోడ్లో రష్యా ల్యాబ్‌లో పెట్టె తెరవగానే అతని ఛాతీలోంచి వచ్చిన పేలుడు కిమికోకి తగిలింది. రక్తంలో ఉన్న వీ మొత్తం కాలిపోయి ఆమె మామూలు మనిషైపోయింది. తర్వాత మళ్ళీ కాంపౌండ్ వీ ఎక్కించుకుంటే శక్తి తిరిగొచ్చింది. అంటే ఆ పేలుడు శాశ్వతం కాదు, మందు దొరికితే వెనక్కి వస్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. ఎనిమిదో ఎపిసోడ్లో, హోమ్‌ల్యాండర్‌తో కలిసి పనిచేసిన సూపర్‌హీరో మేవ్ సోల్జర్ బాయ్‌ని పట్టుకుని కిటికీలోంచి దూకింది, బతికింది గానీ శక్తి పోయింది. సోల్జర్ బాయ్‌ని మళ్ళీ గ్యాస్ పట్టించి పెట్టెలో నిద్రపుచ్చారు. హోమ్‌ల్యాండర్ తన కొడుకేనని అతను చెప్పేది ఏడో ఎపిసోడ్లో. హోమ్‌ల్యాండర్ని మామూలు మనిషిని చేయగలిగినవాడు ప్రపంచంలో ఇతనొక్కడే, ఆ పెట్టె తాళం ఇప్పుడు హోమ్‌ల్యాండర్ దగ్గరే ఉంది. ట్రైలర్లో సోల్జర్ బాయ్ లేచి తిరుగుతున్నాడు. తండ్రి కావాలన్న ఆశతో ఆ మనిషి తన చావుని తనే నిద్రలేపుకున్నాడని నా అంచనా. హోమ్‌ల్యాండర్‌గా ఆంటొనీ స్టార్, సోల్జర్ బాయ్‌గా జెన్సెన్ యాకిల్స్ ఎదురెదురుగా నిలబడే సీన్లే ఈ సీజన్‌కి ప్రాణమవుతాయి.

కాబట్టి జాబితా ఇది. మొదటి సీజన్లో నాలుగు, ఎనిమిది. నాలుగోది ఫ్లైట్ 37 ఎపిసోడ్. విమానంలో ఉన్నవాళ్ళని కాపాడలేక, వాళ్ళు సాక్ష్యం చెప్తారన్న భయంతో హోమ్‌ల్యాండర్ వదిలేసి వచ్చేస్తాడు. అతనేమిటో అర్థం కావడానికి ఈ ఒక్కటి చాలు. రెండో సీజన్లో ఎనిమిదోది మాత్రమే. బుచర్ భార్య, రయన్ తల్లి బెకా చనిపోతూ రయన్ బాధ్యత బుచర్‌కి అప్పగించేది అందులోనే. మూడో సీజన్లో నాలుగు, ఆరు, ఏడు, ఎనిమిది. ‘జెన్ వీ’ మొదటి సీజన్లో చివరి రెండు. నాలుగో సీజన్లో నాలుగు నుంచి ఎనిమిది దాకా ఐదూ, ఒక్కటి కూడా వదలకుండా. ఆ తర్వాత ‘జెన్ వీ’ రెండో సీజన్ ఆఖరిది. ఈ వరసలోనే చూడండి, ఎందుకంటే ‘జెన్ వీ’ మొదటి సీజన్ కథ మూడు, నాలుగు సీజన్ల మధ్య జరుగుతుంది, రెండోది నాలుగో సీజన్ తర్వాత. తిరగేస్తే వైరస్ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు.

2025 అక్టోబర్ 22న వచ్చిన ఆ ‘జెన్ వీ’ ఆఖరి ఎపిసోడ్ ముగింపులో యానీ, హోమ్‌ల్యాండర్‌ని వదిలేసిన సూపర్‌హీరో ఏ-ట్రెయిన్ వచ్చి గొడాల్కిన్ విద్యార్థిని మేరీ మొరో బృందాన్ని తమతో కలుపుకుంటారు. మేరీది రక్తాన్ని ఆడించే శక్తి. కాంపౌండ్ వీ ఉండేది రక్తంలోనే. వైరస్‌కీ పేలుడుకీ మధ్య మూడో దారి ఈ అమ్మాయి అయ్యుండొచ్చని నాకనిపిస్తోంది. సిరీస్ ఎక్కడా చెప్పలేదు, నా ఊహే.

చాలామంది తడబడే చోటు ఒకటుంది. నల్ల సూట్లో, ముసుగులో ఉండే సూపర్‌హీరో బ్లాక్ నోయిర్ ఇప్పుడున్నవాడు పాతవాడు కాదు. పాతవాణ్ణి హోమ్‌ల్యాండర్ మూడో సీజన్ ఆఖర్లో చంపేశాడు. నాలుగో సీజన్ నుంచి అదే సూట్లో ఇంకో మనిషి ఉన్నాడు, ఇతను మాట్లాడతాడు, ఎగురుతాడు. రెండు వేషాలూ వేసింది నేథన్ మిచెలే కావడంతో ఇంకా తికమక.

కొత్త సీజన్ మొదలయ్యేసరికి పరిస్థితి ఇదీ. అధ్యక్షుడిగా గెలిచిన సింగర్‌ని అరెస్టు చేశారు, కుర్చీ ఎక్కిన కాలహూన్ మార్షల్ లా ప్రకటించి సూపర్‌హీరోలకి అధికారాలిచ్చి హోమ్‌ల్యాండర్ చేతిలో పెట్టాడు. ఇదంతా హోమ్‌ల్యాండర్ పక్కనున్న మహామేధావి సిస్టర్ సేజ్ వేసిన పథకం. హ్యూయీ, జట్టులో ఇంకొకడైన ఎమ్.ఎమ్., ఫ్రెంచీ ‘ఫ్రీడమ్ క్యాంప్’ అనే జైల్లో ఉన్నారు. కిమికో ఎక్కడుందో తెలియదు. యానీ బయట తిరుగుబాటు కూడగడుతోంది. రయన్, ఒకప్పుడు బాయ్స్ జట్టుని నడిపిన సీఐఏ అధికారి గ్రేస్ మాలరీని తోసి చంపి పారిపోయాడు. బుచర్ వైరస్ పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇన్ని దారాలు ఎనిమిది గంటల్లో ముడిపడాలి. భయం అక్కడే. నాలుగో సీజన్లో ఫ్రెంచీ, ఎమ్.ఎమ్.ల సొంత కథలకి ఇచ్చిన సమయంలో సగం వైరస్‌కి ఇచ్చి ఉంటే ఇప్పుడు ఇంత కుక్కాల్సి వచ్చేది కాదు. పైగా డవీద్ డిగ్స్ కొత్తగా చేరాడు, క్రిప్కీ పాత సిరీస్ ‘సూపర్‌నేచురల్’లో యాకిల్స్‌తో నటించిన జారెడ్ పడలెకీ, మీషా కాలిన్స్ కూడా కనిపిస్తారు. క్రిప్కీ పాత జట్టుని ఒకచోట చేర్చడం సంతోషమే, కానీ ఆ పాత్రలు సోల్జర్ బాయ్ కథని ముందుకి తోస్తేనే వాళ్ళకిచ్చిన నిమిషాలకి అర్థం ఉంటుంది.

ముగింపు ముందే తెలుసుకుందామని గార్త్ ఎన్నిస్, డారిక్ రాబర్ట్‌సన్‌ల కామిక్స్ తిరగేసే పని పెట్టుకోకండి. 2006 నుంచి 2012 దాకా 72 సంచికలు వచ్చాయి, విడిగా చదువుకోడానికి బాగుంటాయి. కానీ అక్కడి ముగింపుకి ఆధారమైన పాత్రలనీ, మలుపులనీ సిరీస్ ఎప్పుడో మార్చేసింది.

చూసేటప్పుడు రెండు జాగ్రత్తలు. నాలుగో సీజన్ ఆఖరి ఎపిసోడ్లోనూ, ‘జెన్ వీ’ మొదటి సీజన్ ఆఖరిదాన్లోనూ ముఖ్యమైన సీన్ పేర్లు పడడం మొదలయ్యాక వస్తుంది. మొదటిదాంట్లో సోల్జర్ బాయ్ పెట్టె, రెండోదాంట్లో ‘ది వుడ్స్’లో నిలబడ్డ బుచర్. పేర్లు మొదలవగానే ప్రైమ్ తెరని కుదించి తర్వాతి వీడియోకి తీసుకెళ్ళిపోతుంది, ఆ సీన్ అక్కడ పోతుంది. సెట్టింగ్స్‌లో ప్లేయర్ విభాగానికి వెళ్ళి ఆటో ప్లే ఆపేయండి, లేదా కుదించిన తెర మీద నొక్కితే మళ్ళీ పెద్దదవుతుంది.

రెండోది భాష. తెలుగు డబ్బింగ్‌లో కథ చక్కగానే అర్థమవుతుంది. కానీ బుచర్ లండన్ తిట్లు, కోపం వచ్చినప్పుడు ఫ్రెంచీ నోట వచ్చే ఫ్రెంచ్, మెల్లగా మాట్లాడుతూనే చంపేసేలా ఉండే హోమ్‌ల్యాండర్ గొంతు, ఇవి అసలు ఆడియోలోనే దొరుకుతాయి. ఏ భాషలో చూసినా సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. కిమికో సైగలు తనూ తమ్ముడూ కలిసి కల్పించుకున్నవి, సైగల భాష వచ్చినవాళ్ళకి కూడా అర్థం కావు. నాలుగో సీజన్ ఆఖర్లో ఫ్రెంచీని లాక్కెళ్తుంటే ఆమె నోట “నో” అని అరుపు వస్తుంది. అంతవరకూ ఆమె చేతులు చెప్పినవి చదువుతూ వస్తేనే ఆ ఒక్క మాట బరువు తెలుస్తుంది.

ఇది పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళకే. రక్తపాతమే కాదు, మూడో సీజన్ ఆరో ఎపిసోడ్ లాంటివి ఇంట్లో పెద్దవాళ్ళ మధ్య కూర్చుని చూసేవి కావు. ప్రైమ్ ప్రొఫైల్‌కి పిన్ పెట్టుకుంటే పిల్లల చేతికి చిక్కదు. ఏప్రిల్ 8న రెండు ఎపిసోడ్లు కాబట్టి ఆ రాత్రికి రెండు గంటలు పైనే పెట్టుకోండి.