మా ప్రిన్సిపాల్ మేడం ఇక లేరు

మొన్న రాత్రి మా ప్రిన్సిపాల్ మేడం కన్నుమూశారు. రిటైరై చాలా ఏళ్లయినా మాకు ఆవిడ ప్రిన్సిపాల్ మేడమే.

2000 ఆగస్టు వరదలు చూసిన హైదరాబాదీలకి గుర్తుంటుంది. ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన. హుస్సేన్ సాగర్ పొంగి దోమల్‌గూడ, అశోక్‌నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. నాలా పక్కన ఉన్న మా బస్తీలో బట్టలు, పుస్తకాలు అన్నీ పోయాయి. మేడం స్కూల్ పైఅంతస్తు గదులు తెరిపించి మా కుటుంబాలకి ఇచ్చారు, రాత్రి తనూ అక్కడే ఉన్నారు. నీళ్లు తీశాక సీనియర్ల ఇళ్లకి వెళ్లి పాత పుస్తకాలు అడిగి తెచ్చి, అట్టలేసి మా పేర్లు రాసిచ్చారు. ఆ టర్మ్ ఫీజు గురించి నాన్నని ఒక్క మాట అడగలేదు. ఫీజు కట్టని పిల్లల్ని ప్రేయర్‌లో నిలబెట్టే రోజులవి. మేడం ఆ పని ఎవరినీ చేయనివ్వలేదు. నా దృష్టిలో ఆవిడ చేసినవాటిలో ఇదే అన్నిటికన్నా పెద్దది.

లెక్కలు కూడా ఎంత బాగా చెప్పేవారో! పదో తరగతి పరీక్షల టెన్షన్‌లో ఉన్నవాళ్లని సాయంత్రం కూర్చోబెట్టి, అర్థమయ్యేదాకా వదిలేవారు కాదు.

బన్సీలాల్‌పేట శ్మశానవాటికకి ఆటో నడిపేవాళ్లూ వచ్చారు, డాక్టర్లూ వచ్చారు. ఆదివారం మేడం ఇంట్లో కలుస్తున్నాం. మన బ్యాచ్‌వాళ్లు తప్పకుండా రండి, వాళ్లబ్బాయికి మీ జ్ఞాపకాలు చెప్పండి.