సెమిలిగూడలో విత్తనం బడి

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కితే ఒడిశా వచ్చేస్తుంది కానీ తెలుగు ఆగదు. కోరాపుట్ జిల్లాలోని పొట్టంగి, సెమిలిగూడ సంతల్లో తెలుగులోనే బేరమాడుకోవచ్చు. సెమిలిగూడలో స్థిరపడిన మా చిన్నాన్న తొలకరికి ముందు కృషి విజ్ఞాన కేంద్రంలో వరి విత్తనాల శిక్షణకు వెళ్తుంటే నేనూ వెంట వెళ్లాను.

రైతుకు చేతితో చేయించి నేర్పే బడి కావాలన్న ఆలోచనకు 1973లో మోహన్ సింగ్ మెహతా కమిటీ రూపం ఇచ్చింది. మరుసటి ఏడాదే మొదటి కేంద్రం పుదుచ్చేరిలో వెలిసింది. ఇప్పుడు దేశంలో 700కు పైగా ఉన్నాయి. ఇక్కడి కేంద్రం 1962లో ఏర్పడిన భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందిది. పట్టాలివ్వరు, మార్కులడగరు. పరిశోధనలో తేలినదాన్ని రైతు పొలంలోనే పరీక్షించి చూపడం వీళ్ల ధ్యేయం.

చెట్టు కింద బకెట్ నీళ్లు, రాళ్ల ఉప్పు, ఒక కోడిగుడ్డు పెట్టారు. ఉప్పు కలుపుతూ పోతే అడుగున ఉన్న గుడ్డు మెల్లగా పైకి లేచింది. నీటిపైన రూపాయి బిళ్లంత కనిపించగానే ఉప్పు ఆపి వడ్లు పోశారు. తాలు తేలింది, గట్టి గింజ మునిగింది. మునిగిన గింజల్ని మంచినీళ్లలో రెండుసార్లు కడగాలి, లేకపోతే ఉప్పు మొలకను దెబ్బతీస్తుంది. ఒడియాలో చెబుతున్నదాన్ని చిన్నాన్న పక్కవాళ్లకు తెలుగులో అందించారు.

పొట్టంగి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ గింజ కొరికి చూసి, "మా ఇంటి విత్తనంలో ఇంత తాలుండదు బాబూ. మంచి కంకులు ముందే ఏరి విడిగా దాస్తాం" అన్నారు. శిక్షకుడు పాఠం ఆపి, ఎలా దాస్తారో అందరికీ చెప్పమన్నారు. నాకెంతో తృప్తిగా అనిపించింది. 1950లలో ఇక్కడి జయపురం ప్రాంతంలో జరిగిన సర్వేలో 1,700కు పైగా వరి రకాలు సేకరించారు. కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారసత్వంగా గుర్తించింది. దేశీ విత్తనాలు కాపాడి 2019లో పద్మశ్రీ అందుకున్న కమలా పుజారి ఈ జిల్లా ఆడబిడ్డే. ఇలాంటి చోట శిక్షణ కేంద్రం చెప్పడంతో సరిపెట్టుకోకూడదు, ఆడవాళ్లు చెప్పేది వినాలి కూడా.

భోజనాలయ్యాక ఒప్పందం కుదిరింది. ఆ పెద్దావిడ పొలంలో ఒక మడికి ఇంటి విత్తనం, పక్క మడికి కేంద్రం రకం. రెండింటికీ ఎరువు ఒకటే, నీరు ఒకటే. వరుస నాట్లకు ఆమె సరేనన్నారు కానీ, కలుపు తీసే పరికరం తేలికైనదే కావాలని పట్టుబట్టారు. "ఆ బరువు మా కోడలు నెట్టలేదు" అన్నారు. శిక్షకుడు రాసుకున్నారు. కోతల్లో దిగుబడి తూచే రోజు నన్నూ పిలవమని చిన్నాన్నకు చెప్పి వచ్చాను.