ఆరకముందే ముట్టుకునే చేయి

నీటి రంగులు, కుంచెలు, మంచి కాగితం కొని రెండేళ్లు దాటినా నేను ఒక్క గీత గీయలేదు. అలాగని ఆ రెండేళ్లూ ఊరకే గడిచిపోలేదు. చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే దళసరి కాగితం తడికి అంతగా ముడతలు పడదని, రంగుపొడిని కాగితానికి అంటిపెట్టేది తుమ్మబంక అని, అల్ట్రామెరైన్ నీలం రేణువులు రేణువులుగా కాగితం గుంటల్లో దిగుతుందని, థాలో నీలం ఒకసారి అంటితే పూర్తిగా వదలదని ఎంతో శ్రద్ధగా చదువుకున్నాను. బొమ్మ వేయడం ఒక్కటే మిగిలిపోయింది.

మొదటి బొమ్మే నలుగురికీ చూపించేలా ఉండాలన్నది నా పట్టుదల. దానికి పెద్దల సాక్ష్యం కూడా వెతుక్కున్నాను. 1908లో ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోడ్ మోనే తన కలువల చిత్రాలను కనీసం 15 వరకు, ప్రదర్శనకు పెట్టడం ఇష్టం లేక తానే పాడుచేశాడని చదివినప్పుడు, అంతటివాడికే నచ్చనప్పుడు నాకెలా నచ్చుతుందని లోలోపల సంబరపడ్డాను. అప్పటికి ఆయనకు 67 ఏళ్లన్నది, పాడుచేయడానికి ముందు ఆయన వాటిని వేశాడన్నది నా బుర్రకెక్కడానికి మరి కొన్నాళ్లు పట్టింది.

చివరకు మంచి కాగితం కట్టను విప్పకుండా పక్కన పెట్టి, నాసిరకం కాగితాన్ని అరచేతి వెడల్పు ముక్కలుగా కోసుకున్నాను. రోజుకు ఒక ముక్క, దాని మీద బొమ్మ కాకుండా ఒకే రంగు సమంగా పరిచిన పూత, వెనక వరుస సంఖ్యతో పాటు తేదీ, ఏదీ చించకూడదు అన్నవి నాకు నేను పెట్టుకున్న నియమాలు. పూత వేయడం మరీ చిన్నపని అనుకున్నాను కానీ, నా జబ్బు ఏమిటో తేటతెల్లం చేసింది అదే.

కాగితం ఉన్న పలకను కొద్దిగా ఏటవాలుగా పెట్టి, రంగునీటితో నిండుగా తడిపిన కుంచెతో పైన అడ్డంగా ఒక పట్టీ లాగితే, దాని కింది అంచున రంగునీరు పూసలా ఉబ్బి నిలుస్తుంది. ఆ పూసను ఆరనివ్వకుండా తాకుతూ రెండో పట్టీ, దాని కింద మూడోది లాగుతూ అడుగుదాకా వచ్చి, చివర మిగిలిన నీటిని పిండిన కుంచెతో పీల్చేయాలి. మొదటి రోజు అడుగుదాకా సవ్యంగానే వచ్చాను. అప్పుడు పైన ఒక మూల కొంచెం పలచగా కనిపించింది. మరో చుక్క రంగు అద్దితే సరిపోతుందనిపించి అద్దాను. రెండు నిమిషాల్లో అక్కడ రంపపు పళ్లలాంటి అంచుతో ఒక మరక విచ్చుకుంది. సగం ఆరిన పూతలో కొత్త నీరు పడితే, అది చుట్టూ పాకుతూ అక్కడున్న రంగు రేణువులను తోసుకుపోయి అంచున దించుతుంది కాబట్టి మధ్య వెలిసిపోయి అంచు ముదురుతుంది. పైగా నీటి రంగు ఆరాక లేతబడుతుంది. తడిగా ఉన్నప్పుడు చూసి నేనిచ్చిన తీర్పుకు అసలు ఆధారమే లేదన్నమాట.

ఆ పలచని మూలను వదిలేసి ఉంటే బహుశా ఎవరికీ కనిపించేది కాదు. దాన్ని దిద్దబోయి చేసిన మరక మాత్రం గది ఆ చివరి నుంచి కూడా కనిపించింది. ఉత్తరం రాసినా మొదటి వాక్యాన్నే పదిసార్లు దిద్ది, రెండో వాక్యానికి చేరకుండా మానేసే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. అదే చేయి ఇక్కడా పనిచేసిందని ఆ మరకను చూశాక ఒప్పుకోక తప్పలేదు.

అందువల్ల పూత బాగుందా లేదా అని చూడడం మానేసి, కాగితం వెనక సంఖ్య పక్కన ఒక్క మాట మాత్రమే రాయడం మొదలుపెట్టాను: "ముట్టుకున్నాను" లేదా "ముట్టుకోలేదు". ఆఖరి పట్టీ కాగానే కుంచె కడిగి, ఇరవై నిమిషాలకు అలారం పెట్టి, పక్క గదిలోకి వెళ్లిపోయేదాన్ని. వినడానికి నవ్వులాటగా ఉంటుంది కానీ, మొదట్లో ఆ ఇరవై నిమిషాలు బొమ్మ వేయడం కంటే కష్టంగా గడిచాయి. మొదటి 30 ముక్కల్లో 19 ముట్టుకున్నవే. నిగ్రహం ఉంటే చాలునని కొందరంటారు, నా విషయంలో మాత్రం గది మారడమే పనిచేసింది.

నలభయ్యో ముక్క దాటాక పూతల మీద చెట్లు, గోడలు, కిటికీలు రావడం మొదలైంది. అవి చెప్పుకోదగ్గవేమీ కావు. ఒకసారి ఆకాశంలో పడిన మరకను చూసి నా స్నేహితురాలు "వాన మబ్బు భలే వేశావే" అంది. అది పొరపాటని చెప్పబోయి, నోరు కట్టేసుకున్నాను.

అరవై ముక్కలయ్యాక దాచిన కట్టను విప్పాను. ఆ కాగితం తడిని ఎక్కువసేపు నిలుపుకోవడం వల్ల పూత తీరిగ్గా పరవడానికి వీలు దొరికింది, వేలు పెట్టడానికీ అంతే వ్యవధి దొరికింది. ఆ కట్టలోని మొదటి కాగితం వెనక "61, ముట్టుకున్నాను" అని ఉంది.